పూజగదిలో ఇంగ్లీషు రికార్డు

ఆ పటంలోని స్వామికి ఐదు చేతులున్నాయని మా అత్తకు మొట్టమొదట చెప్పింది నేనే. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. అది 1975, శ్రావణ మాసం. నేను కొత్త కోడలిని. తిరుపతిలో మా అత్తగారింటి పూజగదిలో ఆమె పటాలకు బొట్లు పెడుతుంటే వెనక నిలబడి చూసి చెప్పాను. రెండు చేతుల దేవుళ్ళున్నారు, నాలుగు చేతుల దేవుళ్ళున్నారు, పద్దెనిమిది చేతుల అమ్మవారు ఉంది. బేసి చేతుల దేవుడు మాత్రం నాకు తెలిసి మన దేశంలో లేడు.

"దేవుని చేతులు లెక్కబెట్టే కోడల్ని తెచ్చుకున్నాం" అంది మా అత్త, గంట మోగించడం ఆపకుండానే. "ఇంగ కాళ్ళు గూడా లెక్కబెట్టు తల్లీ. నైవేద్యం ఎంత పెట్టాల్నో తెలుస్తాది."

నిజానికి నేను చెప్పాలనుకున్నది చేతుల సంగతి కాదు. అది దేవుడి పటమే కాదు, ఇంగ్లీషు పాటల రికార్డు అట్ట. దాని లోపల నా రికార్డు ఇరుక్కుపోయి ఉంది. దాని రెండో వైపు పాటను నేను మళ్ళీ ఒక్కసారైనా వినాలి. ఎందుకు వినాలో చెప్పాలంటే మా నాయన అంగడి దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయనకు చిత్తూరులో మైక్ సెట్ అంగడి ఉండేది. పెండ్లికైనా తిరునాళ్ళకైనా రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, చెక్కపెట్టె నిండా రికార్డులు బండికెత్తించుకుని పోయేవాడు. ఆ వ్యాపారంలో పాటించాల్సిన నియమం ఒక్కటే, ముహూర్తం దాకా పాట ఆగకూడదు. పాటకూ పాటకూ నడుమ కాస్త సందు దొరికితే చాలు, కరెంటు పోయిందని పెండ్లివాళ్ళు గోల పెడతారు, వంటవాడు గరిటె పట్టుకుని బయటికొచ్చి చూస్తాడు. కాబట్టి ఏ పాట ఎప్పుడు అయిపోతుందో ముందే తెలియాలి. నాయన దానికి రికార్డు వైపు చూసేవాడు కాదు. ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేవాడు, తొడ మీద వేళ్ళు మాత్రం తాళం వేస్తూ ఉండేవి. చివరి చరణం తర్వాత ఎన్ని ఆవర్తాలకు, అంటే తాళం ఎన్ని చుట్లు తిరిగాక, ముల్లు ఎత్తాలో ప్రతి రికార్డుకూ ఆయనకు లెక్క ఉండేది.

ఎస్సెస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్న నాకు ఆ లెక్క నేర్పాడు. కొత్త రికార్డు ఏదొచ్చినా ముందు నేను విని, తాళం పట్టి, లెక్క చెప్పాలి. జీతం లేని ఉద్యోగం. తప్పు చెబితే తిట్లు మాత్రం ఉండేవి. ఆ తిట్లు నాకు పడిన సందర్భం లేదు. ఒక్కటి తప్ప.

1972 ఎండాకాలంలో మా అంగడి ముందు ఒక వ్యాను ఆగిపోయింది. బెంగుళూరు నుంచి మద్రాసు పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి ఆగిపోయే వాహనాలు మాకు కొత్త కాదు. ఈ వ్యాను ఒళ్ళంతా పువ్వులు గీసి ఉంది. లోపల ఒక తెల్లవాడు, ఒక తెల్లమ్మాయి. ఇద్దరికీ జుట్టు ఒకే పొడవు. బ్యాటరీ చచ్చిపోయింది. ఇద్దరి మెడల్లో రుద్రాక్షలు చూసి మా నాయన కాదనలేక మైక్ సెట్ బ్యాటరీ ఒకటి ఇచ్చేశాడు. వాళ్ళు దానికి బదులు ఒక రికార్డు ఇచ్చి, మనవాళ్ళకంటే చక్కగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

"బ్యాటరీ పోయె, ప్లేటు వచ్చె" అన్నాడు నాయన. "ఏముండాదో సూడు పాపా."

అట్ట మీద నీలం ఒంటితో ఒకడు విచ్చుకున్న పువ్వులో కూర్చుని ఉన్నాడు. సగం మూసిన పెద్ద కళ్ళు. తల వెనక ఏడు రంగుల వెలుగు. ఐదు చేతుల్లో ఒక దాంట్లో పాము, ఒక దాంట్లో తామర, ఒక దాంట్లో గొడుగులాంటి పుట్టగొడుగు, ఒక దాంట్లో గిటారు మెడ. ఐదోది ఖాళీగా, దీవిస్తున్నట్టుగా ఉంది. ఆ ఆల్బం పేరేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఇంగ్లీషులో నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ ఆ అక్షరాలు కరిగిన మైనంలాగా ఒకదాని మీదికొకటి జారిపోయి ఉన్నాయి. రికార్డు నడిబొడ్డున అతికించిన కాగితం మీద ఒక కన్ను బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

బ్యాటరీ ఊరికే పోయిందనిపించుకోవడం ఇష్టం లేక నాయన దాన్ని ఒక పెండ్లిలో వేశాడు. కాణిపాకం దారిలో ఒక పల్లె. పాట మొదలైన కాసేపటికే పెండ్లికూతురి తాత పందిట్లోంచి లేచి వచ్చాడు.

"ఏందప్పా, మిషను కాలిపోతా ఉండాదా?"

"లేదన్నా. ఇంగ్లీషు పాట."

"పాటా? ఎవురో సచ్చినారని ఏడస్తా ఉండారనుకుంటి."

"పాడతానే ఉండారన్నా."

"పాడితే పాడినార్లే, తీసెయ్. పెండ్లికొడుకు బెదిరిపోయి లేచి పోతాడు."

ఆ తర్వాత ఆ రికార్డు నాదైపోయింది. మొదటి వైపు నాకు ఏమంత నచ్చలేదు. రెండో వైపంతా ఒకటే పాట. ముందు గంటలు, తర్వాత తంబురాలాంటిది ఒకటి, ఆ తర్వాత నీళ్ళ అడుగున ఎవరో మనల్ని పిలుస్తున్నట్టు ఒక గొంతు. అప్పుడు డోలు అందుకుంటుంది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు. అచ్చంగా మన మిశ్రచాపు తాళం, చిత్తూరులో ఏ ఉత్సవంలోనైనా డోలువాళ్ళు వాయించేదే. సముద్రాల అవతల జుట్టు పెంచుకున్నవాళ్ళకు అది ఎవరు నేర్పారో.

పాట సగమయ్యాక డోలు ఆగి, ఏరు పారుతున్న చప్పుడు వచ్చి, మళ్ళీ డోలు అందుకునే చోటు ఒకటుంది. అక్కడ నాకు ఏడుకు బదులు ఆరే వచ్చింది. మళ్ళీ విన్నాను. ఆరే. నాయనతో చెప్పాను.

"తప్పు వాయించినదాన్ని ఎవురన్నా అచ్చేసి అమ్ముతారా?" అన్నాడు. "తప్పు వాళ్ళది కాదు, నీది."

నా లెక్క తప్పు అని ఆయన అన్నది ఆ ఒక్కసారే. ఆయన్ని కూర్చోబెట్టి వినిపించి తేల్చుకుందామంటే పెండ్లిళ్ళ కాలం వచ్చిపడింది. చివరికి నా పెండ్లే వచ్చింది.

మా వైపు కొన్ని ఇళ్ళలో కొత్త కోడలు పుట్టింటి నుంచి ఒక దేవుడి పటం తెచ్చి అత్తగారి పూజగదిలో పెడుతుంది. మా అమ్మ నా కోసం లక్ష్మీదేవి పటం కొనింది. ఆ హడావుడిలో పటం చిత్తూరులోనే గోడకు ఉండిపోయింది. నా పెట్టెలో పట్టుచీరల నడుమ, విరగకుండా కొత్త తువాలులో చుట్టి నేను పెట్టుకున్నది ఆ రికార్డు. తిరుపతిలో చుట్టాలందరి ముందర మా అత్త పెట్టె తెరిచింది. తువాలు విప్పింది. అట్టను చూసి కళ్ళకద్దుకుంది.

"ఏం స్వామి వదినా?" అని ఒక ముసలావిడ అడిగింది.

తెలియదని చెప్పడం మా అత్తకు అలవాటు లేదు. "వాళ్ళ పుట్టింటి స్వామి" అంది.

"ఆ రాతేమి?"

"బీజాక్షరాలు. మనం సదవకూడదు."

అప్పుడు నోరు తెరిస్తే, పటం లేకుండా కూతుర్ని పంపిందని మా అమ్మ పరువు పోతుంది. మర్నాడే మా ఆయన దాన్ని గోవిందరాజస్వామి గుడి దగ్గర పటాలు కట్టే అంగడికి తీసుకుపోయాడు. అట్ట మందంగా ఉందని, వెనక వేరే బలం అక్కర్లేదని ఆ అంగడాయన సంతోషించి, ఉన్నది ఉన్నట్టుగా గాజు వేసి చుట్టూ మేకులు కొట్టేశాడట. పటం గోడకెక్కిన రోజు మా ఆయనతో అసలు సంగతి చెప్పాను.

"ఇప్పుడు చెప్తే మా అమ్మ పరువు గూడా పోతాది" అన్నాడు. "కొన్నాళ్ళు పోనీ. మెల్లగా తీద్దాం."

మా ఆయన లెక్కలో కొన్నాళ్ళంటే పదకొండేళ్ళు.

నేను ఊరుకోలేదు. చేతుల సంగతి చెప్పాను. కొంతకాలం పోయాక ముఖాన్నే చెప్పాను, "అత్తా, అది పాటల రికార్డు" అని. "స్వామికి పాటలుండవా?" అంది ఆమె. ఆ పటాన్ని ఆమె తప్ప ఎవరూ తాకకూడదు. ఏ వారం ఆ స్వామిదో తెలియదు కాబట్టి మంగళవారమూ శనివారమూ రెండూ ఆయనకే ఇచ్చింది. ఇంట్లో మంచి జరిగితే అది స్వామి చేసింది, చెడు జరిగితే నేను చేసింది. మా ఆయనకు ఊళ్ళోకే బదిలీ వచ్చిందంటే స్వామి. మోటారు కాలిపోయిందంటే నేను. ఆ దీపం ముందు చేతులు కట్టుకుని నిలబడి నేను మనసులో తకిట తకధిమి వేసుకునేదాన్ని. కోడలికి భక్తి కుదిరిందని మా అత్త పక్కింటివాళ్ళతో చెప్పుకునేది.

ఈలోగా క్యాసెట్లు వచ్చాయి. నాయన అంగడి మూతపడింది. 1981లో నాయన పోయాడు. మా లెక్క తేలకుండానే పోయాడు.

1986 మే నెలలో, కపిలతీర్థం వైపు నుంచి మా వీధికి వచ్చే కోతుల్లో ఒకటి కిటికీలోంచి పూజగదిలో దూరింది. స్వామి ముందున్న అరటిపండ్లు తీసుకుని, పోతూ పోతూ పటాన్ని పట్టుకుని వేలాడింది. పటం కింద పడింది. గాజు ఈ మూల నుంచి ఆ మూల దాకా పగిలింది.

పగిలిన పటం ఇంట్లో ఉండకూడదు. మామూలు దేవుళ్ళనైతే గుడి దగ్గర ఏ చెట్టు మొదట్లోనో ఆనించి వస్తారు. ఇన్నేళ్ళు ఇల్లు కాచిన స్వామిని అట్లా వదిలేయడానికి మా అత్తకు మనసు రాలేదు.

"ఆంజనేయస్వామే వచ్చి దించినాడు" అంది. "కాళాస్తికి పొయ్యి స్వర్ణముఖిలో కలిపేసి వస్తాం."

నేను మా ఆయన దగ్గరికి పరుగెత్తాను. "ఇప్పుడన్నా చెప్పు. నా రికార్డు ఏట్లోకి పోతా ఉండాది."

"ఎట్లాగూ పోతా ఉండాది కదా" అన్నాడు ఆయన. "ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

అత్తా నేనూ పొద్దున్నే బస్సెక్కాము. పటాన్ని పట్టుగుడ్డలో చుట్టి ఆమె ఒళ్ళోనే పెట్టుకుంది. శ్రీకాళహస్తిలో దిగి, పటాన్ని నెత్తిన పెట్టుకుని ఏటికి నడిచింది. మే నెల. స్వర్ణముఖిలో స్వర్ణం రంగు ఇసుక తప్ప ఇంకేమీ లేదు. నడుమ ఒక చెలమలో మోకాలి లోతు నీళ్ళు, అందులో ఒకాయన బట్టలుతుకుతున్నాడు.

"ఏమప్పా, ఏట్లో నీళ్ళు యాడుండాయి?" అని మా అత్త అడిగింది.

"కార్తీకంలో వస్తాయి, అప్పుడు రామ్మా."

"అందాకా స్వామిని నెత్తిన పెట్టుకోని నిలబడమంటావా?"

"ఈ చెలమలో ఎయ్యి. నేను రవంత పక్కకు జరుగుతా."

ఇక ఆలోచించడానికి టైము లేదు. "అత్తా, గాజు నీళ్ళలో ఏస్తే ఈయన కాలికి కుచ్చుకుంటాది" అన్నాను. "ఆ పాపం మనకెందుకు? గాజూ కట్టూ తీసేసి బొమ్మ ఒకటే కలుపుదాం."

"ఆమె చెప్పేది నిజమే తల్లా" అన్నాడు ఆయన, తన కాళ్ళ వైపు చూసుకుంటూ.

పాపం మాటకు అత్త ఒప్పుకుంది. గట్టు మీద టెంకాయలమ్మే ఆవిడ దగ్గర కత్తి తెచ్చి మేకులు పెకలించాను. గాజు తీశాను. అట్టను వాల్చి చిన్నగా తట్టాను. నల్లగా నిగనిగలాడుతూ రికార్డు నా చేతిలోకి జారింది. దీపం సెగకు ఒక అంచు అప్పడంలాగా పైకి లేచింది గానీ విరగలేదు.

మా అత్త రెండడుగులు వెనక్కి వేసింది. రెండు చేతులూ జోడించింది.

"చక్రం!" అంది.

"చక్రం కాదత్తా..."

"పటం వెనక యంత్రం పెట్టి పంపినాడా మీ నాయన! ఒక్క మాటన్నా చెప్పకపాయె, ఎంత గుట్టు మనిషి! ఇన్నేండ్లు ఇల్లు కాసింది ఇదేనన్నమాట." ఆమె కళ్ళలో నీళ్ళు. "దీన్ని ఏట్లో ఎయ్యకూడదు. ఇంటికి తీస్కపొయ్యి పాలు, తేనె, నెయ్యి పోసి రోజూ అభిషేకం చెయ్యాల."

నదిని తప్పించుకున్న రికార్డు పంచామృతాల పాలబడుతోంది.

"అత్తా, అది పాటల ప్లేటు. మా నాయన మైక్ సెట్‌లో ఏసే ప్లేటు."

"నన్ను ఎర్రిదాన్ని చేస్తా ఉండావా? పాటల ప్లేట్లు నేను సూళ్ళేదా? ఇట్ల ఊరక మెరస్తాయా అవి?"

"పాడించి సూపిస్తా. పాడకపోతే నువ్వు చెప్పినట్టే అభిషేకం."

"పాడితే?"

"పాడితే నాది."

"సరే. పాడనీ సూస్తాం" అంది. నీలం ఒంటి స్వామిని చెలమలో కలిపి, మూడుసార్లు దండం పెట్టుకుంది. స్వామి సబ్బు నురగలో ఒక చుట్టు తిరిగి మునిగిపోయాడు.

బస్టాండు దగ్గర ఒక మైక్ సెట్ అంగడి కనబడింది. గోడల నిండా క్యాసెట్లే. రికార్డు ప్లేయరు బల్ల కింద ఉంది, దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. అంగడాయన వాటిని తీసి, దుమ్ము ఊది, తీగలు తగిలించాడు. వినిపించడానికి చిన్న స్పీకరు లేదు. బయట కంబానికి కట్టిన హారనే ఉంది. రెండో వైపు పెట్టమన్నాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, అది లెక్కలో కలిసిపోతుందేమోనని భయపడ్డాను.

గంటలు మోగాయి. వంగిన అంచు మీద ముల్లు పడవలాగా పైకీ కిందికీ ఊగింది. దాంతో పాటే గంటలూ, తంబురా, ఆ నీళ్ళ అడుగు గొంతూ అన్నీ ఊగాయి. అందులో ఎంత పాటదో, ఎంత దీపం సెగదో నాకు కూడా తెలియలేదు. ఆ పాట పుట్టడమే వంగి పుట్టింది.

"స్పీడు తప్పా ఏందమ్మా?" అన్నాడు అంగడాయన.

"లేదు. అదంతే."

బస్టాండులో జనం తలలెత్తి హారన్ వైపు చూశారు. ఒక కండక్టరు బస్సు దిగి వచ్చి, "ఎవురప్పా పొయ్యింది?" అని మెల్లగా అడిగాడు.

నేను అత్త వైపు చూశాను. కోపమొస్తుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను. ఆమె బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డోలు మొదలైంది. కాసేపటికి ఆమె అరచెయ్యి సంచి మీద కదలసాగింది. తకిట తకధిమి. చెక్కభజన గురువు కూతురామె, చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి చెక్కలు వాయించిందని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నా నేను ఆ మాట పట్టించుకోలేదు.

డోలు ఆగింది. ఏరు పారింది. మళ్ళీ డోలు.

"ఆరు!" అన్నాను పైకే.

"ఏడు" అంది మా అత్త.

"ఆరత్తా. ఆడ ఒకటి తక్కువ."

"తక్కువ లేదు, ఏం లేదు. డోలు ఆగింది గాని తాళం ఆగిందా? ఆ నీళ్ళ సద్దులో నువ్వే ఒకటి మింగేసినావు."

"నేను మింగలా. వాళ్ళే మింగినారు."

"అంతసేపు తప్పకుండా వాయించినోడు ఆడ మాత్రం ఎందుకు మింగుతాడే? నాయనా, ఇంగోసారి పెట్టు."

అంగడాయన మళ్ళీ పెట్టాడు. ఈసారి సరిగ్గా ఆ చోటికొచ్చేసరికి ముల్లు ఎగిరి పడింది. నాకు ఎనిమిది వచ్చింది. ఆమెకు ఏడే. మూడోసారి నాకు ఆరు, ఆమెకు ఏడు.

"నీకెంతొచ్చిందప్పా?" అని అత్త అంగడాయన్ని అడిగింది.

"నాకు తలనొప్పి వచ్చింది తల్లా" అన్నాడు ఆయన. "అదుగో, తిరుపతి బస్సు పోతా ఉండాది."

"పోనీ. ఇంగోటి వస్తాది" అంది. నా వైపు తిరిగింది. "ఆరని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

మా జిల్లాలో ఎక్కడా తెగని తగాదా అక్కడ తెగుతుంది. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసి బాగుపడినవాడు లేడని అందరి నమ్మకం. లంచాలు తిన్న పెద్దమనుషులు కూడా ఆ గుడి పేరెత్తితే దారి మారుస్తారు.

"చేస్తా" అన్నాను. "ఏడని నువ్వు చేస్తావా?"

"చేస్తా. ఎందుకు చెయ్యను?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చేసే ముందర ఇంగొక్కసారి వింటే మంచిది" అంది.

పందెం ప్రకారం రికార్డు నాదే. ఆ విషయంలో ఆమె మాట తప్పలేదు. అభిషేకం ఊసు మళ్ళీ ఎత్తలేదు. కానీ నేను పెట్టుకుని వినాలంటే మిషను కావాలి కదా. దాన్ని అడిగింది నేను కాదు. ఆ వారమే ఆమె మా ఆయన్ని కాళహస్తికి తరిమి, బల్ల కిందున్న ఆ ప్లేయరునే తెప్పించింది. కోడలి తప్పు కోడలికి చూపించాలి కాబట్టి.

అన్నేళ్ళు గాజు వెనక ఉన్న పాట ఇంట్లో రోజూ మోగడం మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుని "పెట్టు" అనేది. నేను పెట్టేదాన్ని. మా ఆయన సెలవు రోజుల్లో ఇంట్లో నిలవలేకపోయేవాడు. "పూజగదిలో ఉన్నప్పుడే బాగుండె" అని గొణుగుతూ వీధిలోకి పోయేవాడు.

ఒక ఆదివారం ఆయనకు ఓపిక నశించింది. మేమిద్దరం అప్పుడే ఏడనీ ఆరనీ గొంతులు పెంచుకుని ఉన్నాము.

"చాలు!" అన్నాడు. "కారు మాట్లాడుకోనొస్తా. ఇద్దురూ కాణిపాకం పొయ్యి, కోనేట్లో మునిగి, ప్రమాణం చేసి తేల్చుకోని రాండి. ఈరోజే."

చెప్పులు కూడా వేసుకున్నాడు. అత్త నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

"ఎండలు తగ్గనీలేరా" అంది మా అత్త.

"అవును, వానలు పడనీ" అన్నాను నేను. ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాను.